పై ఫ్లాట్‌లో ట్రెడ్‌మిల్: అదురు తగ్గాలంటే ఏది కొనాలి, ఏది వద్దు

కింది ఫ్లాట్ వాళ్లు వచ్చి చెప్పాక చాలామంది చేసే మొదటి పని, ఆన్‌లైన్‌లో 6 మి.మీ. ట్రెడ్‌మిల్ మ్యాట్ ఆర్డరు పెట్టడం. అది పరిచాక పైన ఉన్నవాళ్లకు తేడా బాగానే తెలుస్తుంది. గరగర తగ్గుతుంది, టైల్స్ మీద గీతలు పడవు. కింద మాత్రం దబ్‌దబ్ అలాగే ఉంటుంది. మ్యాట్ నాసిరకం కాబట్టి ఇలా అవుతుందనుకోవద్దు. మ్యాట్ ఆపే శబ్దం ఒకటి, కింది వాళ్లను నిద్ర లేపేది ఇంకొకటి.

విజయవాడ పటమట, గుణదల, మొగల్రాజపురంలో చూసినా, గుంటూరు విద్యానగర్, లక్ష్మీపురంలో చూసినా మామూలు అపార్ట్‌మెంట్లు దాదాపు ఒకే తీరు. కింద పార్కింగ్, పైన నాలుగైదు అంతస్తులు, పిల్లర్లు, బీములు, వాటి మధ్య ఐదంగుళాలకు అటూ ఇటూగా స్లాబ్, దాని మీద సిమెంటుతో అతికించిన టైల్స్ లేదా మార్బుల్. స్లాబ్‌కీ టైల్‌కీ మధ్య మెత్తటి పొర ఏదీ ఉండదు. పైన పడిన ప్రతి అడుగూ నేరుగా కాంక్రీటులోకి దిగుతుంది. కింద చెప్పేదంతా ఈ రకం ఇళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్తున్నదే.

ముందు ఏ శబ్దమో తేల్చండి

ఏదైనా కొనే ముందు పావుగంట పరీక్ష ఒకటి చేయండి. కింది వాళ్లను అడిగి, సరిగ్గా మీ మెషిన్ కింద పడే గదిలో మీ ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టండి. కింది వాళ్లే విని చెప్తే మరీ మంచిది, సగం కోపం అక్కడే పోతుంది. ఫోన్ కాల్‌లో ఉండి, మొదట ఎవరూ ఎక్కకుండా ఖాళీ బెల్టును గంటకు 6 కి.మీ. వేగంతో తిప్పండి. తర్వాత 5 కి.మీ. వేగంతో నడవండి. ఆ తర్వాత 9 కి.మీ. వేగంతో పరిగెత్తండి. చివరగా మెషిన్ దిగి, పక్కనే ఉత్త నేల మీద మడమలు ఎత్తి గట్టిగా ఒకసారి దించండి.

ఖాళీ బెల్టుకే కింద గుంయ్‌మని వినిపిస్తే అది మోటారు, రోలర్ల అదురు. దానికి రబ్బరు మ్యాట్, కాస్త సర్వీసింగ్ చాలు. నడిస్తే ఏమీ లేదు, పరిగెత్తితేనే వినిపిస్తోంది అంటే అది అడుగు దెబ్బ. దానికి మామూలు మ్యాట్ మీద పెట్టే డబ్బు వృథా. మడమ దించిన దెబ్బ కూడా కింద అంతే గట్టిగా వినిపించిందంటే ఆ చోట స్లాబే పలుకుతోందని అర్థం. మెషిన్ కింద ఏమి వేయాలా అని ఆలోచించే ముందు మెషిన్‌ను అక్కడి నుంచి జరపాలి.

డెసిబెల్ యాప్ చూపించి ‘మీ శబ్దం ఇంతే వస్తోంది కదా’ అని వాదించొద్దు. ఆ యాప్‌లు మామూలుగా చూపించే అంకె మనిషి చెవికి తగ్గట్టు సరిచేసినది. అందులో 31.5 హెర్ట్జ్ (అంటే సెకనుకు 31.5 ఊపులు) దగ్గర శబ్దాన్ని 39 డెసిబెల్స్ తగ్గించి లెక్కిస్తారు. కింది వాళ్లకు మంచం మీద తెలిసే దడ సరిగ్గా అలాంటి చోటే ఉంటుంది. కొలవాలనుకుంటే ఫైఫాక్స్ అనే ఉచిత యాప్‌లో అదురు కొలిచే యాక్సిలరోమీటర్ తెరిచి, ఫోన్‌ను మెషిన్‌కు అడుగున్నర దూరంలో టైల్ మీద పెట్టండి. మార్పు చేయకముందు, చేసిన తర్వాత ఒకే వేగంలో, ఒకే మనిషితో కొలిచి పోల్చండి.

మందం చూడొద్దు, దిగుబాటు చూడండి

దుకాణంలో మ్యాట్ మందం చెప్తారు, మెత్తదనం నొక్కి చూపిస్తారు. ఈ రెండిటితో తేలదు. మెషిన్, మనిషి బరువు మొత్తం పడ్డాక అది ఎన్ని మి.మీ. కిందికి దిగుతుందో అదే అసలు లెక్క. ఆ దిగుబాటుకు వర్గమూలం తీసి, దానితో 16ను భాగిస్తే ఆ అమరిక సొంత ఊపు, అంటే ఒకసారి కదిలించి వదిలేస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ అంకె, హెర్ట్జ్‌లో వస్తుంది. 1 మి.మీ. దిగితే 16 హెర్ట్జ్. 4 మి.మీ. దిగితే 8. 10 మి.మీ. దిగితే 5. ఈ సొంత ఊపుకు 1.4 రెట్ల కంటే పైనున్న అదురు మాత్రమే తగ్గుతుంది. చాలా కిందనున్నది ఉన్నది ఉన్నట్టు దిగిపోతుంది. దానికి దగ్గరగా ఉన్నది పెరుగుతుంది! మ్యాట్ వేశాక ఇంకా ఎక్కువైందని కింది వాళ్లు అంటే కొన్నిసార్లు అది నిజమే.

పరుగులో నిమిషానికి 160 అడుగులు పడితే సెకనుకు 2.7. కానీ ప్రతి దెబ్బలోనూ దాని రెట్లు, అంటే 5, 8, 11 హెర్ట్జ్ నుంచి పైదాకా అన్నీ ఉంటాయి. పది పన్నెండు అడుగుల బెడ్‌రూమ్ స్లాబ్ సొంత ఊపు సుమారుగా 20 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పొడుగాటి హాలుదైతే 12, 14 దాకా దిగుతుంది. ఆ ప్రాంతంలో తగిలే దెబ్బకే స్లాబ్ మోగుతుంది. కాబట్టి 10 హెర్ట్జ్ నుంచి పైనున్నదాన్ని కోయగలిగితే చాలా మటుకు గెలిచినట్టే. దానికి 5 నుంచి 7 మి.మీ. దిగుబాటు కావాలి. 6 మి.మీ. మ్యాట్ దిగేది అర మి.మీ. కూడా ఉండదు. అంటే దాని సొంత ఊపు 20 దాటి ఉంటుంది. చిన్న బెడ్‌రూమ్ స్లాబ్ ఊపు కూడా అక్కడే ఉంది.

ఏది దేనికి పనికొస్తుంది

రంగురంగుల పజిల్ మ్యాట్లు, అదే ఈవీఏ ఫోమ్ ముక్కలు, యోగాకి, దండీలకి బాగుంటాయి. మెషిన్ కాళ్ల కింద వేస్తే కొన్ని వారాల్లో అణిగి గుంటలు పడతాయి, మళ్లీ పైకి లేవవు. పడమటి ఎండ పడే గదిలో ముడుచుకుపోయి జాయింట్లు విడిపోతాయి కూడా.

6 నుంచి 10 మి.మీ. గట్టి రబ్బరు లేదా పీవీసీ మ్యాట్ వ్యాయామ సైకిల్‌కి, క్రాస్ ట్రైనర్‌కి, నడక వరకే వాడే ట్రెడ్‌మిల్‌కి సరిపోతుంది. నల్ల రబ్బరును లేత రంగు మార్బుల్ మీద నేరుగా వేయకండి, వేసవిలో పసుపు మచ్చ దిగితే పోదు. మధ్యలో పాత కాటన్ దుప్పటి పరవండి.

జిమ్‌లో కనిపించే 20, 25 మి.మీ. రబ్బరు టైల్స్ చాలా బరువు. 20 మి.మీ. మందంలో చదరపు మీటరుకు 18–20 కిలోలు తూగుతాయి. డంబెల్స్ కింద వీటికి మించింది లేదు. ట్రెడ్‌మిల్ కాళ్లు వీటి మీద నేరుగా ఆనితే 1–2 మి.మీ. దిగుతుంది, దడ కొంత తగ్గుతుంది. ఇక్కడే చాలామంది డబ్బు పెట్టి మరీ పని చెడగొట్టుకుంటారు. నేలంతా రబ్బరు టైల్స్ పరిచి, వాటి మీద ప్లైవుడ్ వేసి, ఆ మీద మెషిన్ పెడతారు. చూడటానికి దిట్టంగా ఉంటుంది. కానీ ప్లైవుడ్ బరువును టైల్ మొత్తానికీ పంచేస్తుంది, ఏ ముక్క మీదా నొక్కుడు పడదు, దిగుబాటు దాదాపు సున్నా అవుతుంది. పైగా వెడల్పాటి రబ్బరు పక్కలకు ఉబ్బడానికి చోటుండదు కాబట్టి ఇంకా బిగుసుకుంటుంది. ప్లైవుడ్ వేయాలంటే 25 మి.మీ. టైల్‌ను రెండంగుళాల చదరపు ముక్కలుగా కోసి, ఎనిమిది ముక్కల మీదే బోర్డు నిలబెట్టండి. అదే రబ్బరు, చాలా తక్కువ ఖర్చు, పని మాత్రం ఎక్కువ.

ఆటోనగర్‌లో కన్వేయర్ బెల్టు ముక్కో లారీ టైరు ముక్కో తెచ్చి వేస్తే పోతుందనే సలహా రెండు ఊళ్లలోనూ వినిపిస్తుంది. వాటిలో నైలాన్ దారాలో స్టీలు తీగలో ఉంటాయి. చీలకుండా ఉండటానికి చేసినవి అవి, దిగడానికి కాదు. వాషింగ్ మెషిన్ కాళ్ల కింద పెట్టే రబ్బరు కప్పులు కూడా అంతే. మెషిన్ జరగకుండా ఆపుతాయి, అంతకు మించి ఆశించొద్దు.

జనరేటర్ల కింద పెట్టే స్ప్రింగ్ మౌంట్లు ఎవరైనా ఇంజినీరు బంధువు సూచించవచ్చు. మోటారుకు అవి అద్భుతం. పరుగుకు పనికిరావు. 25 మి.మీ. దిగే స్ప్రింగ్ సొంత ఊపు 3 హెర్ట్జ్ పైచిలుకు, మీ అడుగుల వేగమూ దాదాపు అదే. పడవలో పరిగెత్తినట్టు ఉంటుంది, కింద అదురు పెరుగుతుంది.

ఇక నిజంగా ఎంచుకోవలసినవి రెండే. రెండూ ప్లైవుడ్ బోర్డు కిందే ఉంటాయి.

మొదటిది రీబాండెడ్ ఫోమ్. పరుపుల దుకాణంలో దొరుకుతుంది, రంగురంగుల ఫోమ్ తునకలు అతికించి చేసిన గట్టి ఫోమ్. 50 మి.మీ. మందంలో, ఘనమీటరుకు 100 కిలోల ప్రాంతపు సాంద్రతది అడగండి. మామూలు మెత్తటి ఫోమ్ ఇస్తే తీసుకోవద్దు, అది పూర్తిగా అణిగిపోతుంది. నాలుగంగుళాల వెడల్పు పట్టీలుగా కోయించి, బోర్డు కింద అడ్డంగా ఆరు పట్టీలు వేయండి. మెషిన్ పెట్టి, మనిషి ఎక్కాక దిగుబాటు 5 మి.మీ. కంటే తక్కువుంటే ఒక పట్టీ తీసేయండి, 10 దాటితే ఒకటి చేర్చండి. ఫోమ్ నెమ్మదిగా పడే బరువుకు మెత్తగా, చటుక్కున పడే దెబ్బకు కాస్త బిరుసుగా ఉంటుంది. అందుకే లెక్క ప్రకారం కావలసినదానికన్నా ఒకట్రెండు మి.మీ. ఎక్కువే దిగనివ్వాలి. చౌక, ఊగదు, పెద్దవాళ్లకు భయం ఉండదు. ఏడాది రెండేళ్లలో అణిగి మార్చాల్సి రావచ్చు. నేల తడి గుడ్డతో తుడిచే ఇంట్లో పట్టీల కింద ప్లాస్టిక్ షీటు వేయకపోతే నీరు పీల్చి వాసన వస్తుంది.

రెండోది టెన్నిస్ బాల్స్ ప్లాట్‌ఫాం. వినడానికి పిల్లలాటగా ఉన్నా, మెషిన్ మీద రోజూ పరిగెత్తేవాళ్లకు ఇంట్లో చేసుకోగలిగినవాటిలో ఇదే మేలు. అంతర్జాతీయ టెన్నిస్ ప్రమాణాల ప్రకారం బాల్ మీద 8 కిలోల బరువు పెడితే సుమారుగా 6–7 మి.మీ. అణగాలి. అంటే సొంత ఊపు 6 హెర్ట్జ్. మనకు కావలసిందీ అదే. వీధి క్రికెట్‌కి అమ్మే బరువు టెన్నిస్ బాల్స్ వద్దు, అవి చాలా గట్టివి. ఆట పాతబడి గాలి తగ్గిన అసలు టెన్నిస్ బాల్స్ పనికొస్తాయి, కానీ అన్నీ ఒకే పాతవై ఉండాలి.

ప్లాట్‌ఫాం కొలతలు

మెషిన్ 80 కిలోలు, మనిషి 75 కిలోలు అనుకుందాం. ఆరున్నర అడుగులు × మూడడుగుల బోర్డు కావాలి. 19 మి.మీ. ప్లైవుడ్ రెండు పొరలు ఫెవికాల్‌తో అతికించి, అడుగుకొక స్క్రూ చొప్పున బిగిస్తే అది ఒక 43 కిలోలు తూగుతుంది. మొత్తం 200 కిలోలు. దాన్ని 8తో భాగిస్తే 25 బాల్స్. ఒక్క పొర ప్లైవుడ్‌తో సరిపెట్టకండి, కాళ్ల మధ్య వంగి బోర్డే దబ్‌మంటుంది. చెక్క పీచు నొక్కి చేసే ఎండీఎఫ్ బోర్డు వాడకండి, మన ఉక్కపోతకి, తడి గుడ్డకి అంచులు ఉబ్బుతాయి. తడికి ఆగే బీడబ్ల్యూపీ ప్లై అడగండి.

కింది పొరగా అదే కొలతలో 9 మి.మీ. ప్లైవుడ్ తీసుకుని, కార్పెంటర్ చేత 50 మి.మీ. హోల్ సా బిట్‌తో 25 రంధ్రాలు వేయించండి. బాల్ వ్యాసం 65 మి.మీ. పైన కాబట్టి రంధ్రంలో కూర్చుంటుంది, దొర్లదు. బాల్ అడుగు నేలకు తగులుతుంది కాబట్టి ఈ షీటు బరువు మోయదు, బాల్స్ చెదరకుండా పట్టుకుంటుంది అంతే. వరుసకు ఐదు చొప్పున సమానంగా పేర్చొద్దు. మోటారు ముందు భాగంలో ఉంటుంది, అడుగులు పడేది నడిమికి కాస్త ముందు. ముందు సగంలో 15, వెనక సగంలో 10 పెట్టి చూడండి. మెషిన్ పెట్టి, మనిషి ఎక్కాక నాలుగు మూలలా స్టీల్ స్కేలుతో నేలకూ పై బోర్డుకూ మధ్య ఎత్తు కొలవండి. మూలల మధ్య తేడా 2 మి.మీ. దాటితే బాల్స్ ఎక్కువ కుంగిన మూలకు జరపండి. బోర్డు ఏటవాలుగా ఉంటే బెల్టు ఒక పక్కకు పోతుంది.

ఇందులో ఒక చిక్కుంది. నిమిషానికి 175–180 అడుగులు వేసేవాళ్లకు దాని రెండింతలు సరిగ్గా 6 హెర్ట్జ్ దగ్గరికి వస్తుంది, ప్లాట్‌ఫాం ఎగిరినట్టు అనిపిస్తుంది. అప్పుడు నాలుగు బాల్స్ తీసేసి చూడండి, సొంత ఊపు కాస్త కిందికి జరుగుతుంది. మాచర్ల నాపరాయి బండలు పేర్చి బరువు పెంచడం ఇంకో దారి. కానీ ఇళ్ల స్లాబులకు లెక్కలో వేసే బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. మెషిన్, మనిషి, బోర్డుకే 110 కిలోలు పోయాయి. పాత బిల్డింగుల్లో ఆ జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఫ్యాన్ సంగతి మరవకండి. ప్లాట్‌ఫాం పది సెంటీమీటర్లు, మెషిన్ డెక్ ఇంకో 15–20. మనిషి అడుగు ఎత్తున పరిగెడతాడు. ఐదడుగుల తొమ్మిదంగుళాల మనిషి తల ఏడడుగుల దాకా వస్తుంది, చెయ్యెత్తితే రెక్కలకు తగులుతుంది. ఫ్యాన్ కింద పెట్టొద్దు.

ఎక్కడ పెట్టాలి

దీనికి పైసా ఖర్చు లేదు, అయినా దీన్నే ఆఖరున ఆలోచిస్తారు. గది నడిమధ్య స్లాబ్ ఎక్కువ ఊగుతుంది, పిల్లర్ మూల దగ్గర అన్నిటికన్నా తక్కువ. మెషిన్ పొడుగు వైపును బీమ్ వెంట, మోటారు వైపును పిల్లర్ మూలకు పెట్టండి. గోడకు మాత్రం ఆనించొద్దు, నాలుగంగుళాలు వదలండి. పక్క ఫ్లాట్‌కి మీకూ మధ్యనున్నది నాలుగున్నర అంగుళాల గోడే అయితే ఇంకా ముఖ్యం. బాల్కనీ అసలు వద్దు. ఒక వైపే పట్టు ఉన్న స్లాబ్ అది, చివర ఊపు ఎక్కువ, పైగా వాన, దుమ్ము.

అన్ని అంతస్తులకూ ప్లాన్ ఒకటే కాబట్టి మీ బెడ్‌రూమ్ కింద వాళ్ల బెడ్‌రూమే ఉంటుంది. హాలులో టీవీ వెనక మూల అందంగా ఉండకపోవచ్చు, కానీ మీరు పరిగెత్తే వేళకు కింద హాలులో ఎవరూ పడుకుని ఉండరు. పార్కింగ్ పైన మొదటి అంతస్తులో ఉండేవాళ్లు అదృష్టవంతులు, కింద కార్లే. డాబా మీద షెడ్డు వేద్దామనే ఆలోచన అసోసియేషన్ ఒప్పుకున్నా, డాబా కూడా పై అంతస్తు వాళ్ల నెత్తి మీద స్లాబే.

మెషినే మార్చాలా?

ఇంకా కొనని వాళ్లకు అసలు నిర్ణయం ఇక్కడే. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల దెబ్బ పడుతుంది. నడకలో అది బరువు కంటే కాస్త ఎక్కువ, అంతే. కింద పసిపిల్లలో పెద్దవాళ్లో ఉంటే, మీరు పొద్దున్నే 5 గంటలకు తప్ప చేయలేకపోతే, మాగ్నెటిక్ వ్యాయామ సైకిల్ కొనండి. దానికి 8 మి.మీ. మ్యాట్ చాలు. క్రాస్ ట్రైనర్‌లో పాదం పెడల్ వదలదు కాబట్టి దెబ్బ ఉండదు, కానీ నాలుగు కాళ్లూ సమానంగా ఆనకపోతే టకటకమంటుంది. స్పిరిట్ లెవెల్ పెట్టి కాళ్లు సరిచేయాలి. ఫ్యాన్ చక్రం ఉన్న ఎయిర్ బైక్, ఎయిర్ రోయింగ్ మెషిన్ స్లాబ్‌ను కొట్టవు, గాలి హోరుతో పక్క గదిని ముంచేస్తాయి. స్కిప్పింగ్ తాడు అన్నిటికన్నా చౌక, కింది వాళ్లకు అన్నిటికన్నా బరువు.

ట్రెడ్‌మిల్ ఇప్పటికే ఉంటే 8–10 శాతం ఏటవాలు పెట్టి 5–5.5 కి.మీ. వేగంతో నడవండి. చెమట పరుగుకు తగ్గకుండా పడుతుంది, దెబ్బ సగం కూడా ఉండదు. ప్లాట్‌ఫాం కోసం కార్పెంటర్‌ను పిలిచే ముందు ఈ పని ఒక వారం చేసి, కింది వాళ్లను అడిగి చూడండి.

సర్వీసింగ్, వేళలు

ఖాళీ బెల్టు శబ్దానికి మందు చాలాసార్లు సిలికాన్ ఆయిలే. బెల్టు అంచు ఎత్తి లోపల వేలితో రాస్తే పొడిగా తగిలితే మెషిన్ పుస్తకంలో చెప్పినంత వేయండి. కొబ్బరినూనె, ఇంజిన్ ఆయిల్ వేస్తే బెల్టు పాడవుతుంది. బెల్టు కుడికి జరుగుతుంటే తక్కువ వేగంలో తిరుగుతుండగా వెనక కుడి బోల్టును పావు చుట్టు కుడివైపు తిప్పి, ఒక నిమిషం ఆగి చూడండి. ఒకేసారి పూర్తి చుట్టు తిప్పితే ఇంకో అంచుకు పోతుంది. హ్యాండిల్ బోల్టులు అదురుకు వదులవుతుంటాయి, నెలకోసారి అలెన్ కీతో బిగించాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా, నివాస ప్రాంతాల్లో ఆ వేళ హద్దు 45 డెసిబెల్స్. స్లాబ్‌లో దిగే దడ ఆ కొలతకు సరిగ్గా చిక్కదు కాబట్టి ఆ అంకె ఇద్దరికీ ఉపయోగపడదు. వేళ మాత్రం ఉపయోగపడుతుంది. ఆ ఎనిమిది గంటలూ పరుగు వద్దని మీరే ముందు చెప్తే అసోసియేషన్ మీటింగు దాకా పోదు.

ప్లాట్‌ఫాం వేసినవాళ్లు ఆరు నెలలకోసారి అదే స్కేలుతో నాలుగు మూలల ఎత్తూ కొలిచి, మొదటి రోజు బోర్డు అంచున పెన్సిల్‌తో రాసుకున్న అంకెలతో పోల్చుకోండి. ఏ మూలైనా 3 మి.మీ. కంటే ఎక్కువ కుంగితే ఆ ఒక్క చోటే కాకుండా ఆ వరుస బాల్స్ అన్నీ ఒకేసారి మార్చండి.